జార్జియా శాసనసభ ఎన్నికలు: అల్ఫారెట్టా ముంగిట 2026 పోరు

2026 నవంబరు 3న జార్జియా రాష్ట్ర చట్టసభ మొత్తానికీ ఎన్నిక. ఫుల్టన్ కౌంటీలో, తెలుగువారు గణనీయంగా స్థిరపడిన అల్ఫారెట్టా కూడా ఆ రోజే తన ప్రతినిధులను ఎన్నుకుంటుంది.

అభ్యర్థులు బాగా గుర్తుంచుకోవలసినది సభల నిర్మాణం. ప్రతినిధుల సభలో 180 స్థానాలు, సెనేట్‌లో 56. మన శాసనమండలి సభ్యులకు ఆరేళ్ల పదవీకాలముంటే ఇక్కడి సెనేటర్లకు, ప్రతినిధుల్లాగే, రెండేళ్లే; పైగా వారినీ ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు. రెండేళ్లకోసారి జనం ముందుకు రావడం మంచి కట్టుబాటే. పోటీకి కనీస వయసు ప్రతినిధుల సభకు 21, సెనేట్‌కు 25 ఏళ్లు.

ఇంకో ముఖ్యాంశం: ఎక్కువ ఓట్లొస్తే చాలదు, సగానికి మించి రావాలి. లేకుంటే మొదటి ఇద్దరి మధ్య నాలుగు వారాలకు మలివిడత పోటీ (రనాఫ్).

నియోజకవర్గాల హద్దులూ స్థిరం కాదు. 2023 అక్టోబరులో ఫెడరల్ జడ్జి స్టీవ్ జోన్స్ పాత పటాలను తప్పుబట్టగా, చట్టసభ ప్రత్యేక సమావేశంలో కొత్తవి గీశారు. ఆ కొత్త హద్దులతో జరిగిన 2024 ఎన్నికల్లో 48వ సెనేట్ జిల్లాలో రిపబ్లికన్ షాన్ స్టిల్ భారత సంతతి డెమోక్రాట్ అశ్విన్ రామస్వామిపై గెలిచారు.

గ్రీన్‌కార్డుంటే చాలదు, ఓటుకు పౌరసత్వం తప్పనిసరి. నమోదుకు గడువు అక్టోబరు 5.