పికప్ బండి ఎత్తు పెంచిన పిదప అరుగుదల, సంరక్షణ

కూరగాయలు, మిర్చి బస్తాలు, పాల క్యానులు మోయు పికప్ బండ్లకు వెనుక కమాను కట్టలో ఒకటి రెండు పట్టీలు అదనముగ వేయించుట, లేక ఇరుసుకు కట్టకు నడుమ ఇనుప దిమ్మ పెట్టించుట పలుచోట్ల వాడుకలో నున్నది. పుంత దారులలో, కాలువ గట్లపై బండి అడుగు నేలకు తగులదు. ఇది లాభమే. కాని పట్టీ వేసినంతనే బండి మోయదగు బరువు పెరిగినదని తలచరాదు. ఇరుసు, బేరింగులు, ఛాసిస్, బ్రేకులు మునుపటివే గదా!

అన్నిటికంటె ముందు బ్రేకులను చూడవలెను. కొన్ని పికప్ బండ్లలో వెనుక ఇరుసు దగ్గర, బరువును బట్టి వెనుక బ్రేకులకు ఒత్తిడిని పంచు వాల్వు ఒకటి కలదు. ఆ వాల్వు ఛాసిస్‌కు బిగించియుండును. దాని కడ్డీ ఇరుసుకు తగిలించియుండును. బరువు వేయగా ఛాసిస్ క్రిందికి దిగి ఇరుసుకు దగ్గరగును. కడ్డీ కదలి వెనుక చక్రములకు ఎక్కువ ఒత్తిడి నిచ్చును. ఎత్తు పెంచిన బండిలో నిండు బరువున్నను ఈ ఎడము తగినంత తగ్గదు. బండి ఖాళీగా నున్నట్లు వాల్వు పనిచేయును. అందుచే వెనుక బ్రేకులు చాలినంత పట్టవు, ముందువి త్వరగా అరుగును, బండి ఆగుటకు ఎక్కువ దూరము పట్టును. దీనికి విరుగుడుగా కడ్డీని తీగతో పైకి కట్టివేసినచో, ఖాళీ బండిలో తడి రోడ్డుపై వెనుక చక్రములు బిగిసి బండి అడ్డము తిరుగును. కడ్డీని కొత్త ఎత్తుకు తగినట్లు, తయారీదారు కొలతల ప్రకారము సరిచేయించుటయే మార్గము. బ్రేకు హోస్ పైపులు కూడ చక్రము పూర్తిగా క్రిందికి వ్రేలాడునప్పుడు సాగి బిగియకుండ చూడవలెను.

ప్రొపెల్లర్ షాఫ్టు సంగతి తరువాతిది. ఇరుసు క్రిందికి దిగిన కొలది షాఫ్టు వాలు పెరుగును. రెండు చివరల క్రాసులు ఎక్కువ కోణములో తిరుగవలసివచ్చును. బండి కదలునపుడు కిచకిచ, రివర్సు వేయునపుడు 'టక్కు'మను చప్పుడు, వేగములో అదురు, ఇవి క్రాసు అరుగుదలకు గుర్తులు. గ్రీజు నిప్పిళ్లున్న క్రాసులకు, నీటిలోను బురదలోను నడిచిన ప్రతిసారి గ్రీజు పెట్టుట మేలు. క్రాసు ఖర్చు స్వల్పమే. షాఫ్టు ఊడి రోడ్డుపై పడినచో కలుగు నష్టము అట్టిది కాదు.

కొత్త పట్టీలు వేసిన పిదప యు బోల్టులు కొంత వదులగును. 100 కిలోమీటర్ల లోపుగా ఒకసారి, 500 కిలోమీటర్లకు మరియొకసారి బిగించవలెను. పాత యు బోల్టులనే మరల వాడుట, దిమ్మపై దిమ్మ పెట్టుట, ముందు ఇరుసుకు దిమ్మ పెట్టుట కూడదు.

వెనుక మాత్రమే ఎత్తినచో స్టీరింగు తనంతట తాను నిలువునకు వచ్చు గుణము తగ్గి బండి ప్రక్కలకు లాగును. ముందు వైపు ఎత్తినచో టైరు ఒక అంచున అరుగును. అరచేతితో టైరును అడ్డముగ తడిమిన రంపపు పండ్లవలె తగిలినచో వెంటనే ఎలైన్‌మెంటు చేయించవలెను. 28 అంగుళముల టైరు బదులు 30 అంగుళములది వేసినచో మీటరు 60 చూపునప్పుడు బండి 64 పైచిలుకు వేగముతో పోవును. 10,000 కిలోమీటర్లకు మార్చవలసిన ఆయిలు కూడ 700 కిలోమీటర్లు ఆలస్యమగును.

వంపులలో బోల్తా భయమును లెక్కించి చూడుడు. చక్రముల నడుమ ఎడము 1,400 మిల్లీమీటర్లు, బరువు కేంద్రము ఎత్తు 1,000 అనుకొన్నచో, సగము ఎడమును ఎత్తుతో భాగించగా 0.70. ఎత్తు 100 మిల్లీమీటర్లు పెరుగగా అది 0.64కు పడిపోవును. టమాటా పెట్టెలు పైకి పేర్చినచో ఇంకను తగ్గును.

1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగ బండిని మార్చరాదనుచున్నది. అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానా గాని, 6 నెలల వరకు ఖైదు గాని, రెండును గాని 2019 సవరణలో విధించబడినవి. అధిక బరువునకు 20,000 రూపాయలు, అదనపు టన్నుకు 2,000 చొప్పున వేరు. కట్ట కుంగినచో, మొదట ఉన్నన్ని పట్టీలతోనే కొత్త కట్ట వేయించినచో ఈ చిక్కు లేదు.

ఎత్తు మార్చకముందే రాత్రివేళ గోడకు 10 మీటర్ల దూరమున బండి నిలిపి, హెడ్‌లైటు వెలుగు పై అంచును సుద్దతో గుర్తించవలెను. మార్చిన పిదప అక్కడనే నిలిపి, వెలుగు ఆ గీతకు వచ్చునట్లు లైటు స్క్రూలు త్రిప్పించుకొనవలెను.