మడుగులోని మకరి

పోతన భాగవతంలోని గజేంద్రమోక్ష ఘట్టం తెలియని తెలుగువారు అరుదు. అందులోని మొసలి, శాపవశాన ఆ రూపం దాల్చిన హూహూ అనే గంధర్వుడు. గజేంద్రునితోపాటు అతనికీ విముక్తి లభించింది. అయినను జనుల సానుభూతి ఏనుగుకే దక్కింది. మొసలికి మిగిలినది వారి భయమే.

మంథనికి అనతిదూరంలో, గోదావరీ తీరాన శివారం అభయారణ్యం ఉన్నది. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల సరిహద్దు ఇది. 2016 నాటి పునర్విభజనతో పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల సరిహద్దు అయినది. విస్తీర్ణంలో ఇది చిన్న వనం. టేకుచెట్లు, ఎలుగుబంట్లు, కొండముచ్చులు ఇతర అడవులలోనూ కలవు. దీని విశిష్టత ఎల్‌ మడుగు. వేసవిలో నది పాయలుగా చీలి, నడుమ ఇసుకదిబ్బలు దీవులవలె తేలినపుడు సైతం మడుగులో నీరు నిలిచి ఉంటుంది. మగ్గర్‌ జాతి మొసళ్ళకు అదే ఆశ్రయం.

చర్మం కొరకు సాగిన వేట వలన ఈ జాతి దేశమంతటా క్షీణించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. 1975లో మొసళ్ళ సంరక్షణ పథకం ఆరంభమైనది.

అయితే చట్టం వేటగానిని ఆపగలదు గాని, నీటిని ఆపలేదు. తల్లి మొసలి వేసవి ఆరంభంలో ఒడ్డున గుంత త్రవ్వి, పాతిక ముప్ఫై గుడ్లు పెట్టి కప్పుతుంది. అవి పొదగబడుటకు సుమారు రెండు నెలలు పడుతుంది. పిల్ల ఆడదో మగదో నిర్ణయించేది గూటిలోని వేడి: 31 డిగ్రీల వరకు ఆడపిల్లలే, 32.5 డిగ్రీల వద్ద మగపిల్లలే. ఈ లోపల నది పొంగి గూడు మునిగినచో గుడ్లలోని పిల్లలు ఊపిరాడక మరణిస్తాయి. 2019లో ప్రారంభమైన కాళేశ్వరం పథకంలోని అన్నారం, సుందిళ్ల ఆనకట్టలు మంథని పరిసరాల గోదావరిపైనే ఉన్నాయి. ఆనకట్ట గేట్లు మూసిన ఎగువన, తెరచిన దిగువన నీటిమట్టం మారుతుంది. పొలాలకు నీరు కావలసినదే. కాని ఆ రెండు నెలలు గూళ్ళున్న తావులను గుర్తించి, మట్టాన్ని గమనించుట అసాధ్యమైన పని కాదు.

పిల్లలు గుడ్లలో నుండియే కూయడం ఆరంభిస్తాయి. ఆ కూత విని తల్లి మట్టిని తొలగించి, పిల్లలను నోటకరచుకొని నీటికి చేరుస్తుంది. గజేంద్రుని పాదాన్ని విడువని ఆ కోరల నడుమ పిల్లకు గాటైనా పడదు.