అద్దె వాటాల గోడలు నేర్పినవి

హైదరాబాద్ విద్యానగర్‌లో మా ఇల్లు 1984లో కట్టాం. కింద రెండు వాటాలు, పైన రెండు. ఒకదాంట్లో మేముండి తక్కిన మూడూ అద్దెకిచ్చాం. మావారు పోయాక ఆ వ్యవహారమంతా నా చేతికొచ్చింది. బడిలో లెక్కలు చెప్పినదాన్ని కనుక అద్దెలు, కరెంటు బిల్లులు, అడ్వాన్సులు పొరపాటు లేకుండా చూసుకున్నాను. చేసిన తప్పులన్నీ చిన్న చిన్న కోరికల దగ్గరే. వంటింటికి రంగు వేయిస్తారా, కిటికీలకు దోమల మెష్ పెట్టిస్తారా, బాత్రూంలో టైల్స్ మారుస్తారా అని అడిగినవాళ్లకు నేనిచ్చిన జవాబులు తలుచుకుంటే కొన్నిటికి ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మీలో చాలామంది ముప్పై దాటకుండానే ఫ్లాట్ కొని అద్దెకిస్తున్నారు. అందుకే ఇవి రాస్తున్నాను.

1. అడిగేవాళ్లు ఉండదలచినవాళ్లు.

వెళ్లిపోదామనుకున్నవాళ్లు గోడల ఊసెత్తరు, చడీచప్పుడు లేకుండా ఇంకో ఇల్లు వెతుక్కుంటారు. మా వంటిళ్లలో నడుమెత్తు దాకా ముదురాకుపచ్చ ఆయిల్ పెయింట్ ఉండేది. మరక కనబడదని ఆ రోజుల్లో అందరూ అదే వేయించేవారు. కింది వాటాలో ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం ఉండేది. ఆయన భార్య ఒకరోజు, "టీచరుగారూ, పగలు కూడా లైటేసుకుని వండాల్సొస్తోంది, లేత రంగేమైనా వేయిస్తారా?" అని అడిగింది. చూద్దాంలే అన్నాను. ఉగాదికి మళ్లీ అడిగింది. ఎండలు పోనీ అన్నాను. పిల్లల పరీక్షలైపోయాక మే నెలాఖరుకు ఖాళీ చేస్తున్నామని చెప్పారు. బడులు తెరిచేలోపే ఇళ్లు మారేవాళ్లంతా మారిపోతారు. తరువాత ఆషాఢం, ఆ నెలలో మనవాళ్లు కొత్తింట్లో పాలు పొంగించరు. టులెట్ బోర్డు శ్రావణం దాకా గేటుకే వేలాడింది. చివరికి వచ్చినవాళ్లు కూడా వంటింట్లోకి తొంగిచూసి మొదట అడిగింది ఆ రంగు గురించే! మర్నాడే వేయించాను. పోయిన అద్దెలో సగం కూడా కాలేదు దాని ఖర్చు.

డబ్బు సంగతి అటుంచండి. వచ్చే ఏడు కూడా ఆ గోడ ముందే నిలబడి వండుకుంటానని ఆ అమ్మాయి నాకు చెప్పినట్టే కదా. నాకది ఖర్చులా వినిపించింది.

2. కాదనేదైనా ఆ వారంలోనే చెప్పెయ్యాలి.

పై వాటాలో దిగిన ఒకాయన వాస్తు చూసేవారిని వెంటబెట్టుకొచ్చి వంటింటి గుమ్మం రెండడుగులు జరపమన్నారు. మాది పిల్లర్ల ఇల్లు కాదు, స్లాబు బరువంతా ఇటుక గోడల మీదే ఉంది. ఆ గోడ తొలిస్తే పైన పగుళ్లు వస్తాయి కనుక కుదరదని, నమ్మకం లేకపోతే ఏ మేస్త్రీనైనా అడిగి చూడమని ఆ సాయంత్రమే చెప్పాను. పొయ్యి మాత్రం తూర్పుముఖంగా నిలబడి వండుకునేలా జరుపుకోవచ్చన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నారు గానీ తొమ్మిదేళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. కారణంతో సహా కాదంటే మనుషులు అర్థం చేసుకుంటారు.

3. రంగు అడిగితే గోడ తట్టి చూడాలి.

ఈ పాఠానికి నేను చెల్లించినంత మూల్యం ఇంక దేనికీ చెల్లించలేదు. కింది వాటా పడగ్గదిలో ఒక గోడ అడుగుభాగం పెచ్చులూడుతుండేది. "ఆంటీ, చూడ్డానికి బాగోలేదు, ఆ గోడకు వాల్‌పేపర్ అతికించుకోమంటారా?" అని అడిగింది అక్కడి అమ్మాయి. వాల్‌పేపర్ ఎందుకమ్మా, రంగే వేయిస్తానని గొప్పగా పెయింటర్ని పిలిపించాను. పాత రంగు గీకి, లప్పం రెండు చేతులు పట్టి, ప్రైమర్ కొట్టి, ఎమల్షన్ వేశాడు. దసరాకి గోడ అద్దంలా ఉంది. మళ్లీ వానలొచ్చేసరికి తెల్లగా ఉప్పు తేలి, లప్పం పొరలు పొరలుగా రాలడం మొదలైంది. మళ్లీ గీకించాను, మళ్లీ వేయించాను. మళ్లీ రాలింది.

చివరికి ఒక ముసలి ప్లంబర్ గోడకు అవతలివైపున్న బాత్రూంలోకెళ్లి, నహానీ ట్రాప్‌కు గుడ్డలు కుక్కి, నేలంతా నీళ్లు నింపి, రాత్రంతా అలాగే వదిలేయమన్నాడు. తెల్లారేసరికి నీళ్ల మట్టం దిగింది. ట్రాప్ చుట్టూ ఉన్న అతుకులోంచి నీళ్లు గోడ అడుగుకు చేరుతున్నాయి. అతుకు బాగుచేయించాక కూడా వెంటనే లప్పం పెట్టనివ్వలేదతను. గచ్చు గీకేసి, గోడ పూర్తిగా ఆరేదాకా ఆగాలన్నాడు. చెమ్మ గోడ మీద ఎంత ఖరీదైన రంగైనా పట్టదు.

నన్ను ఎక్కువ బాధించింది వేరు. వాళ్ల ఇనపబీరువా అడుగు తుప్పుపట్టిందని, లోపలి పట్టుచీరలకు మరకలైనాయని ఆ అమ్మాయి అంతవరకూ నాకు చెప్పనేలేదు. లోపం ఉందంటే ఓనరు మీద ఫిర్యాదు చేసినట్టవుతుందని మొహమాటపడి, అందంగా లేదని మాత్రం అంది. అద్దెకున్నవాళ్లు చాలామంది ఇంతే. మరమ్మతును ముచ్చటగా మార్చి అడుగుతారు. వాల్‌పేపర్ అడిగితే చెమ్మ ఉందేమో, ట్యూబులైటు అడిగితే వైరింగ్ పాడైందేమో, కొత్త తివాసీ పరుచుకుంటామంటే కింద బండ కదులుతోందేమో వెళ్లి చూడాల్సింది మనమే. ఆ పట్టుచీరలకు నేనేమీ ఇవ్వలేదు. వాళ్లూ అడగలేదు.

4. ఏది అవసరమో వాడుకునేవాళ్లకే తెలుసు.

ఒకబ్బాయి తల్లితో, భార్యతో అద్దెకు దిగాడు. కొన్నాళ్లకు, మరుగుదొడ్డిలో నేలబారు బేసిన్ తీయించి వెస్టర్న్ కమోడ్ పెట్టిస్తారా అని అడిగాడు. నాకది ఫ్యాషన్ అనిపించింది. నేల పగలగొట్టాలి, కింద ట్రాప్ మార్చాలి, చుట్టూ టైల్స్ మళ్లీ వేయించాలి, బాగున్నదాన్ని పాడుచేయడం ఎందుకు అనుకున్నాను. "మేమంతా ఇలాగే పెరిగాం నాయనా" అన్నాను నవ్వుతూ. అతను మళ్లీ ఆ మాటెత్తలేదు. పెద్దావిడకు మోకాళ్లు వంగవనీ, గోడ పట్టుకుని లేస్తూ ఒకసారి పడిందనీ పక్కవాటావాళ్ల ద్వారా తెలిసేసరికి, ఆవిడ కరీంనగర్‌లో ఉన్న పెద్దకొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. తరువాతి ఏడు కమోడ్ పెట్టించాను. అతను థ్యాంక్స్ చెప్పాడు. ఆవిడ ఇక్కడికి మళ్లీ రాలేదు.

ఎవరికోసం అడుగుతున్నావు నాయనా అని ఆ రోజు ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. దోమల మెష్ తలుపు కూడా ఇలాగే అలంకారమనుకున్నాను. వానాకాలంలో డెంగీ జ్వరాలు వీధివీధికీ తిరిగే ఊళ్లో అలా ఎలా అనుకున్నానో!

5. ఎవరు పెట్టినది ఎవరిదో ముందే రాసుకోవాలి.

ఒకాయన సొంత డబ్బుతో వడ్రంగిని పెట్టి వంటింట్లో ప్లైవుడ్ అరలు కొట్టించుకుంటానంటే సంతోషంగా సరేనన్నాను. ఖాళీ చేసేటప్పుడు వాటిని ఊడదీసుకుంటానన్నాడు. గోడకు కొట్టినవి ఇంటివే అని అడ్డుపడ్డాను. అడ్వాన్సు నా చేతిలో ఉండడంతో పాపం వదిలేసి వెళ్లాడు. తరువాత నా దగ్గర చదువుకుని వకీలైన కుర్రాడితో ఈ సంగతి ఘనకార్యంలా చెబితే, "టీచర్, చట్టం ఆయన పక్షమే" అన్నాడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చదివి వినిపించాడు. వేరే ఒప్పందమో స్థానిక వాడుకో లేనప్పుడు, అద్దెకున్నవాళ్లు తాము బిగించుకున్నవాటిని ఇంకా ఇంట్లో ఉండగానే తీసుకుపోవచ్చు. ఇల్లు ఎలా తీసుకున్నారో అలా అప్పగిస్తే చాలు. ఓనరు అనుమతి లేకుండా శాశ్వత కట్టడాలు మాత్రం చేపట్టకూడదు.

2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం ఎవరి పని ఏమిటో ఇంకా విడమరిచి చెబుతుంది. దాని ప్రకారం, ఇద్దరూ వేరుగా ఒప్పుకోకపోతే, గోడల వెల్ల, తలుపులు కిటికీల రంగు, వైరింగ్, పైపులు మార్చడం ఇంటివాళ్ల బాధ్యత. కుళాయి వాషర్లు, స్విచ్చులు, గొళ్లేలు, కిటికీ అద్దాలు, మెష్‌ల మార్పిడి అద్దెవాళ్లది. అది రాష్ట్రాలు అనుసరించడానికి తయారుచేసిన నమూనా కనుక నేరుగా అందరి మీదా అమలు కాదు. అయినా ఆ జాబితా చేతిలో పెట్టుకుని మాట్లాడుకుంటే సగం వాదనలు లేవవు.

మన అగ్రిమెంట్లు పదకొండు నెలలవి. ఏడాది దాటితేనే రిజిస్టరు చేయించాలన్న లెక్కతో అందరం అలా రాసుకుంటాం. ఏ షాపులోనో టైపు చేయించిన ఆ కాగితంలో అరల గురించి, రంగుల గురించి ఒక్క ముక్క ఉండదు. నేనిప్పుడు దాని వెనకే చేత్తో రాస్తాను. ఏం పెడుతున్నారు, డబ్బు ఎవరిది, పోయేటప్పుడు ఎవరు తీసుకుపోతారు, గోడకు చేసిన కన్నాలు ఎవరు పూడ్పించాలి. కింద ఇద్దరి సంతకాలు. ఫోన్లో నాలుగు ఫోటోలు.

6. పాతబడిన రంగుకు రెండుసార్లు డబ్బు పుచ్చుకోకూడదు.

మా అమ్మాయి బెంగళూరులో అద్దెకున్నప్పుడు, ఖాళీ చేసే రోజున పెయింటింగ్ కింద ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి కోసుకున్నారు. అది విని అన్యాయమన్నాను. ఆ ఆచారం మన ఊరికీ వచ్చాక, అన్యాయమన్న ఆ నోటితోనే నేనూ ఒక కుటుంబానికి కోతపెట్టాను. ఐదేళ్లున్నారు వాళ్లు. గోడల మీద పిల్లవాడి పెన్సిలు గీతలు తప్ప ఇంకేమీ లేవు. ఐదేళ్లకు ఆ రంగు ఎలాగూ మార్చాల్సిందే, దాని ఖర్చు అద్దె రూపంలో నాకు వచ్చేసింది కూడా. వాడుకలో సహజంగా వచ్చే అరుగుదలకు అద్దెకున్నవాళ్లు బాధ్యులు కారని 1882 నాటి ఆ ఆస్తి బదిలీ చట్టమే చెబుతోంది.

ముదురు రంగుల సంగతి వేరు. ఇద్దరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు హాల్లో ఒక గోడకు నల్లటి నీలం వేసుకుంటామన్నారు. దాని మీద మళ్లీ తెలుపు రావాలంటే ప్రైమర్ పడాలి, మామూలు కంటే ఎక్కువ కోట్లు పడతాయి. ఆ అదనపు ఖర్చు మీదేనని ముందే చెప్పి ఒప్పుకున్నాను. నా కళ్లకు ఆ గోడ గుహలా ఉండేది, కానీ అందులో ఉండేది వాళ్లు.

7. అద్దెలో ఇంటికీ వాటా ఉంది.

ఇది చాలామంది ఓనర్లు బయటికి చెప్పని విషయం. ఆదాయపు పన్ను లెక్కలో, వచ్చిన అద్దెలోంచి కట్టిన మున్సిపల్ పన్ను తీసేయగా మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఇస్తారు. ఇంటికి రూపాయి ఖర్చుపెట్టినా పెట్టకపోయినా అది వస్తుంది. రశీదులు అడగరు. ఏళ్ల తరబడి ఆ మినహాయింపు తీసుకుంటూనే, కుళాయి మార్చమంటే నా జేబులోంచి పోతున్నట్టు గింజుకున్నాను. ఇప్పుడు ప్రతి అద్దెలోంచీ కొంత వేరే ఖాతాలో వేస్తున్నాను. అడిగినప్పుడు అందులోంచి తీయడానికి ప్రాణం ఉసూరుమనదు.

8. దూరాన ఉన్న ఓనరు ఇంకొకరి కళ్లతో గోడ చూస్తాడు.

ఆ కళ్లు ఎవరివన్నదే అసలు ప్రశ్న. మా చెల్లెలి కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, కొండాపూర్‌లో ఫ్లాట్ అద్దెకిచ్చాడు. అద్దెకున్నవాళ్లు ఏదడిగినా మధ్యవర్తి ద్వారానే వెళుతుంది. అతను ప్రతి పనికీ తన పెయింటర్నీ, తన ధరనీ చెబుతాడు. ధర చూసి మావాడు గుండె బాదుకుని వద్దంటాడు. అద్దెవాళ్లకు మాత్రం ఓనరు పిసినారి అని అర్థమవుతుంది. అద్దెకున్న అమ్మాయికే నేరుగా వీడియో కాల్ చేసి గోడ చూపించమనరా అన్నాను. పనివాళ్లను వాళ్లనే మాట్లాడుకోమను, రశీదు పెట్టి అద్దెలో మినహాయించుకోమను, ఏడాదికి ఇంత లోపైతే నిన్ను అడగక్కర్లేదని ఒక అంకె చెప్పెయ్యి అన్నాను. "5 వేలు చాలా పెద్దమ్మా?" అన్నాడు. 10 వేలు చేయమన్నాను. కాసేపు గొణిగి 8 వేలకు ఒప్పుకున్నాడు.