నేలపైఁ బడవ ప్రయాణము

పడవ నీటిపైఁ దేలికగా సాగును. నేలపై దానికి బండి కావలయును. 16వ శతాబ్దమున నిర్మింపబడిన హుస్సేనుసాగరమునఁ బందెములాడు తెరచాప పడవలను సుమారు 700 కిలోమీటర్ల దూరమందున్న ముంబయికిఁ గొనిపోవలెనన్నచో, కారు వెనుక ట్రెయిలరు తగిలింతురు.

విద్యార్థులారా! ఎడ్లబండిని తలఁచుకొనుఁడు. వెనుక బరువు మిక్కిలియైనఁ గాడి పైకి లేచును. ముందు మిక్కిలియైన ఎడ్ల మెడలు నలుగును. మన కాప్రాలో బండ్లు తోలిన పెద్దలకు ఈ సంగతి తెలిసినదే. ఇచ్చటను అదే సూత్రము. బరువు ఇరుసునకుఁ గొంచెము ముందుండి, మొత్తములో సుమారు పదియవ వంతు కొక్కెముపైఁ బడవలెను. 35 కిలోల ‘ఆప్టిమిస్టు’ పడవలు ఆరు కలసి 210 కిలోలు; ట్రెయిలరు 290 కిలోలనుకొన్నచో మొత్తము 500; కొక్కెముపై 50. బరువు వెనుకకు జరిగినచో, వేగమున ట్రెయిలరు పామువలె మెలికలు తిరిగి కారును సైతము పడద్రోయఁగలదు.

పడవలు మిగిలినవని ఆ ట్రెయిలరు వెనుక మఱియొకటి కట్టరాదు. మొదటిదాని ఊపు రెండవదానియందు హెచ్చగును. వెనుకకు నడుపుట మిగులఁ గష్టము. రెండవదానికి వేఱు వాహనమే మేలు.

బయలుదేరిన 50 కిలోమీటర్లకును, పిదప ఆగినప్పుడెల్లను త్రాళ్లను, చక్రముల బోల్టులను, వెనుక దీపములను పరీక్షింపవలెను. ఆ కొలది నిమిషముల జాగ్రత్త దారినఁ బోవువారి ప్రాణములను గాపాడును.