సర్వర్ ఆపే ముందు కబురు

ఆఫీసు గదిలో అందరూ ఉన్న రోజుల్లో లేచి నిలబడి "సర్వర్ ఆపుతున్నా" అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. జనగామలోనో మానుకోటలోనో ఇంట్లో కూర్చుని హైదరాబాద్ సర్వర్‌లోకి లాగిన్ అయినవాళ్లకు ఆ కేక వినపడదు. పొద్దుటి నుంచి నడుస్తున్న ప్రోగ్రాం చెప్పాపెట్టకుండా తెగిపోతుంది. భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో సైరన్ మోగకుండా బ్లాస్టింగ్ చేయరు. సర్వర్లు చూసుకునే పనిలో కొత్తగా చేరినవాళ్లు రీబూట్‌కు ముందు కబురు పంపడాన్ని అంత కచ్చితంగా పాటించాలి.

లినక్స్‌లో దీనికి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. 'హూ' కమాండ్ కొడితే ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో కనిపిస్తుంది. ఒక్కరికే చెప్పాలంటే 'రైట్', అందరికీ అయితే 'వాల్'. మెసేజ్‌లు రాకుండా టెర్మినల్‌ను మూసుకున్నవాళ్లకు మామూలు యూజర్ పంపింది చేరదు, రూట్ పంపితే చేరుతుంది. 'షట్‌డౌన్'కు 15 నిమిషాల గడువు, పక్కనే మెసేజ్ ఇస్తే అదే అందరికీ చెబుతుంది. చివరి 5 నిమిషాల్లో కొత్త లాగిన్లనూ రానివ్వదు.

కమాండ్ కంటే మాట ముఖ్యం. "కాసేపట్లో సర్వర్ డౌన్, సహకరించండి" అంటే చదివినవాళ్లు ఏం చేయాలి? ఇలా రాయండి: "సాయంత్రం 6.30కి టెస్ట్ సర్వర్ ఆపుతున్నాం, 7కి మళ్లీ వస్తుంది. ఫైళ్లు సేవ్ చేసి 6.20లోగా లాగౌట్ అవ్వండి. ఆపలేని జాబ్ ఉంటే వెంటనే ఫోన్ చేయండి." కింద మీ పేరు, నంబర్ తప్పకుండా ఉండాలి. పేరు లేని హెచ్చరికకు ఎవరూ బదులివ్వలేరు. టెర్మినల్‌లో తెలుగు అక్షరాలు చాలాచోట్ల చెదిరిపోతాయి కాబట్టి తెలుగు మాటలనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. పాస్‌వర్డ్‌లాంటివి మాత్రం 'వాల్'లో వద్దు, అందరి తెరల మీదా పడతాయి.

'వాల్' చేరేది తెరిచి ఉన్న టెర్మినళ్లకే. బ్రౌజర్ నుంచో, డేటాబేస్ టూల్ నుంచో పనిచేసేవాళ్లు 'హూ' జాబితాలోనే ఉండరు. అందుకే అదే మాటను టీమ్ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టండి. ఆపడం వాయిదా పడితే 'షట్‌డౌన్ మైనస్ సి' కొట్టి, ఆ సంగతీ రెండు చోట్లా చెప్పండి. లేకపోతే పని ఆపుకున్నవాళ్లు ఊరికే ఎదురుచూస్తూ ఉంటారు.