చలికాలంలో బోరునీళ్లు వెచ్చగా ఎందుకుంటాయి? – కొత్త కాలనీలకు భూమి చెప్పే లెక్క



మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో జనవరి నెల వస్తే ఉదయం ఐదు గంటలకు ఒక పరుగు పందెం జరిగేది. పైన ట్యాంకులోని నీళ్లు రాత్రంతా చలికి మంచులా ఉండేవి. వాచ్‌మన్ మోటారు వేయగానే బకెట్లు పట్టుకొని బోరు పైపు దగ్గరికి ఉరికేవాళ్లం. ఆ నీళ్లు గోరువెచ్చగా ఉండేవి. అదే బోరునీళ్లు మే నెలలో చల్లగా తగిలేవి. కింద ఎవరో పొయ్యి పెట్టారని నవ్వుకునేవాళ్లం. ఎమ్మెస్సీలో జియాలజీ చదివాకే అసలు సంగతి అర్థమైంది. నీళ్ల వేడి మారలేదు, చుట్టూ గాలి వేడి మారింది.

మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ పక్కన రేకుల గదిలో పెరిగాం. ఎండాకాలం రాత్రుళ్లు అమ్మ మంచం బయట వేసేది. కాబట్టి ఈ పాఠం మాకు పరీక్ష కోసం చదివిన పాఠం మాత్రమే కాదు.

భూమి లోపల ఏముంది?

పగటి ఎండ నేలలోకి ఒకటి రెండు జానల లోతుకు మించి దిగదు. పది మీటర్లు దాటితే ఎండాకాలం, చలికాలం అనే తేడా దాదాపు ఉండదు. అక్కడ ఏడాది పొడుగునా ఒకే ఉష్ణోగ్రత, అంటే ఆ ఊరి గాలికి ఏడాది సగటు ఎంతో ఇంచుమించు అంత. మన ప్రాంతంలో అది 27, 28 డిగ్రీల దరిదాపు. పైన మే నెలలో 40 దాటుతుంది. కోహీర్ వైపు కొన్ని చలికాలపు ఉదయాలు 10 కంటే కిందికి పోతుంది. ఇంకో వంద మీటర్లు దిగినా పెరిగేది ఒకటి రెండు డిగ్రీలే.

దీన్ని మణుగూరు దగ్గరి పగిడేరు వేడినీళ్లతో కలిపి చూడకూడదు. అక్కడ లోతు నుంచి వేడి నీరే పైకి వస్తుంది. దానితో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం పెట్టింది. మన పాఠం మామూలు నేల గురించి.

హీట్ పంపు ఎలా పనిచేస్తుంది?

ఫ్రిజ్ లోపల చల్లగా, వెనుక వేడిగా ఉండడం మీరు చూసే ఉంటారు. అది చల్లదనాన్ని తయారు చేయదు, లోపలి వేడిని బయటికి మోస్తుంది. హీట్ పంపు పనీ అదే. స్వీడన్ వంటి చలి దేశాల్లో బోరు రంధ్రంలోకి ప్లాస్టిక్ గొట్టాన్ని దింపి, మళ్లీ పైకి తెచ్చి, అందులో ద్రవాన్ని తిప్పుతారు. అది నేల వేడిని తెచ్చి ఇంటికిస్తుంది. ఒక యూనిట్ కరెంటు ఖర్చుతో మూడు నాలుగు యూనిట్ల వేడి ఇంట్లోకి చేరుతుంది.

మనకు కావలసింది దీనికి తలకిందులు. ఇంటి వేడిని తీసి నేలలోకి పంపాలి. మోట కొట్టే రోజుల్లో నీళ్లు ఎంత లోతుంటే ఎడ్లకు అంత శ్రమ. మామూలు ఏసీ 26 డిగ్రీల గదిలోని వేడిని లాగి 42 డిగ్రీల గాలిలోకి ఎక్కించాలి. నేలలోకి పంపితే ఎక్కవలసిన ఎత్తు తక్కువ, కరెంటు ఆదా.

ఒక లెక్క చేద్దాం

మన జిల్లాలోని కొల్లూరులో 145 ఎకరాల్లో 117 బ్లాకులుగా 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టారు. 2023 జూన్‌లో ప్రారంభించారు. ఉదాహరణకు అంత పెద్ద కాలనీలో ఇంటికొక టన్ను ఏసీ బదులు ఈ పద్ధతి పెట్టాలనుకుందాం.

ఒక టన్ను అంటే 3.5 కిలోవాట్లు. యంత్రం తినే కరెంటు కూడా వేడిగానే బయటికి వస్తుంది కాబట్టి నేలలోకి పోవలసింది సుమారు 4.4 కిలోవాట్లు. చలి దేశాల్లో తొలి అంచనాకు బోరు మీటరుకు 50 వాట్లు అనుకుంటారు. ఆ లెక్కన ఇంటికి 88 మీటర్ల బోరు కావాలి. మన నేల వెచ్చనిది కనుక ఇంకా ఎక్కువే పట్టవచ్చు. బోరుకూ బోరుకూ ఆరు మీటర్ల ఎడం ఉంచితే ఒక్కొక్కదానికి 36 చదరపు మీటర్లు. 145 ఎకరాలంటే సుమారు 5,87,000 చదరపు మీటర్లు, అందులో పట్టేది సుమారు 16,300 బోర్లు. అంటే ఇళ్ల కింద, రోడ్ల కింద, మొత్తం భూమినంతా జల్లెడ చేస్తే తప్ప సరిపోదు!

అన్ని ఏసీలు ఒకేసారి నడవవు కనుక నిజానికి కొంత తగ్గుతుంది. అయినా ఈ లెక్క ఒక మాట గట్టిగా చెబుతోంది. ముందు ఇంట్లోకి వేడి రాకుండా చూసుకోవాలి, మిగిలినదానికే భూమి సాయం అడగాలి. కప్పు మీద తెల్ల పూత, కిటికీకి నీడ, గోడకు చెట్టు, ఎదురెదురు గాలి దారి – ఇవే మొదటి మెట్టు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే.

మన నేలకు రెండు చిక్కులు

మొదటిది: చలి దేశంలో శీతాకాలం తీసుకున్న వేడిని వేసవిలో నేల తిరిగి నింపుకుంటుంది. మనం ఏడాదంతా వేడిని దించుతూనే ఉంటే బోర్ల చుట్టూ నేల ఏటేటా వేడెక్కి, కొన్నేళ్లకు పద్ధతి పనికిరాకుండా పోతుంది. అందుకే బోర్లు దూరంగా ఉండాలి. తీసిన వేడిలో కొంత స్నానాల నీళ్లకు వాడాలి. హాస్టళ్లకు, ఆసుపత్రులకు ఇది బాగా నప్పుతుంది.

రెండోది ఇంకా పెద్దది. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. నక్కవాగు కథ ఇక్కడి రైతులకు కొత్త కాదు. ఇక్కడి గ్రామాల బావుల్లో మందుల అవశేషాలున్నాయని స్వీడన్ పరిశోధకులు 2009లో ప్రకటించారు. మన గ్రానైటు నేలలో పై పది, ఇరవై మీటర్లు మెత్తబడిన రాయి, దాని కింద పగుళ్ల రాయి. బోరు ఆ రెంటినీ చీల్చుకొని పోతుంది. గొట్టానికీ రాతికీ మధ్య సందును బెంటొనైటు మట్టి, సిమెంటు కలిపి పై నుంచి కింది దాకా మూయకపోతే పై విషం లోతు నీళ్లలోకి దిగుతుంది. చల్లదనం కోసం తవ్విన రంధ్రమే మంచినీళ్లకు చేటు అవుతుంది. భూగర్భజలాన్ని పైకి తోడి వాడి మళ్లీ వదిలే పద్ధతి ఇక్కడ అసలే వద్దు. గొట్టంలోని ద్రవం గొట్టంలోనే తిరగాలి.

ప్లాను వేసేవారు పాటించవలసిన వరుస

1. ఇంటి దిక్కు, నీడ, కప్పు ముందు సరిచేసి మిగిలిన వేడి ఎంతో లెక్కకట్టాలి.
2. నేల ఏదో చూడాలి. పటాన్‌చెరు వైపు గ్రానైటు, జహీరాబాద్ వైపు నల్ల బసాల్టు. గ్రానైటులో వేడి బసాల్టు కంటే త్వరగా పారుతుంది.
3. ఒక పరీక్ష బోరు వేసి, వేడినీరు రెండు మూడు రోజులు తిప్పి, నేల ఎంత వేడిని మోయగలదో కొలవాలి. పక్క బావుల నీళ్లు కూడా పరీక్షించాలి.
4. రోడ్లు, డ్రైనేజీ వేయక ముందే గొట్టాలు పడాలి. ఇళ్లయ్యాక తవ్వితే ఖర్చు ఎక్కువ.
5. ఇంటింటికి కాకుండా బడి, అంగన్‌వాడీ, దవాఖానా వంటి ఉమ్మడి భవనాలతో మొదలుపెట్టాలి.

ఇంతకంటే సులువైన దారి కూడా ఉంది. గురుగ్రామ్ దగ్గర గువాల్ పహాడిలో టెరి సంస్థ 2000 ప్రాంతంలో కట్టిన శిక్షణ కేంద్రంలో, బస గదులకు వెళ్లే గాలిని నాలుగు మీటర్ల లోతున సొరంగాల గుండా పంపి చల్లబరుస్తారు. అదీ ఒక రకంగా హాస్టలే కదా!

తమ్ముళ్లూ, ఈ కొత్త కాలనీల్లో ఇళ్లు వచ్చేది ఎక్కువగా మన అమ్మానాన్నలకే. ప్లాను గీసేచోట మాత్రం మనవాళ్లు తక్కువ. అందుకే లెక్కలు, సైన్సు వదలకండి. ఒక పని ఇవాళే మొదలుపెట్టండి. సైన్సు ల్యాబు థర్మామీటరుతో జనవరిలో ఉదయం ఐదింటికి, మేలో మధ్యాహ్నం మూడింటికి బోరునీళ్ల వేడి, గాలి వేడి కొలిచి ఒక నోటుబుక్కులో రాయండి. వచ్చే ఏటి సంచికలో ఆ అంకెలు మీరే అచ్చు వేయండి. చదవడానికి మేము ఎదురుచూస్తుంటాం.