గర్భిణి రక్తమున కొడవలి కణములు
(ప్రసూతి ఉపచారికలకు పాఠము)

రాయపూరు పరిసర గ్రామమునుండి ఒక గర్భిణి ప్రసూతి కేంద్రమునకు మొదటిసారి వచ్చినదనుకొందము. చివరి బహిష్టు మొదలు పది వారములైనది. కనురెప్పల లోపలి భాగము పాలిపోయియున్నది. కీళ్లు లాగుచున్నవనియు, చలికాలమున బాధ హెచ్చగుననియు ఆమె చెప్పుచున్నది. ఇనుము మాత్రలిచ్చి, మరుసటి నెల రమ్మని పంపివేసినచో ఉపచారిక పని ముగిసినట్లే కనబడును. కాని రక్తపరీక్ష లేకుండ గడచిపోయిన ఆ నెల మరల చేతికి రాదు.

మన రక్తమునకు ఎఱుపునిచ్చునది హీమోగ్లోబిను. కొందరికి తల్లిదండ్రుల నుండి మారిన హీమోగ్లోబిను సంక్రమించును. ప్రాణవాయువు తగ్గినప్పుడు అట్టివారి ఎఱ్ఱకణములు గుండ్రదనము కోల్పోయి కొడవలివలె వంగి, సన్నని రక్తనాళములలో చిక్కుకొనును. అదియే నొప్పికి కారణము. సాధారణ ఎఱ్ఱకణము సుమారు 120 దినములు జీవించును. ఈ కణము 10 నుండి 20 దినములలోనే నశించును. అదియే పాలిపోవుటకు కారణము. ఈ వ్యాధికి సంస్కృతమున గంభీరమైన పేరొకటి కల్పించుట కష్టము కాదు. కాని వరికోతలకు పోవు స్త్రీకి కొడవలియన్న మాట వివరింప నక్కరలేదు గనుక, ఇచ్చట ఆ మాటనే వాడితిమి.

1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ ఈ కణములను మొదట వర్ణించెను. 1952లో నీలగిరి ఆదివాసులలో ఇవి గుర్తింపబడినవి. ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసులలోనే గాక సాహు, కుర్మి మొదలగు కులములలోను కనబడుచున్నవి. కావున గర్భిణి కులము నడిగి పరీక్ష అవసరమో కాదో నిశ్చయించుట తప్పు. రాయపూరునుండి విజయనగరము వరకు రైలుమార్గము కలదు. రాయపూరున స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు. మన మన్యప్రాంతములలోను ఈ వ్యాధి యున్నది. 2023 జూలై 1న శహడోల్‌లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమమున ఛత్తీస్‌గఢ్‌తో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములును చేరియున్నవి.

మొదటి పరీక్ష సులభము. మందునీటిలో కొద్దిగా రక్తము కలిపినప్పుడు ఆ నీరు మసకబారి, వెనుకనున్న గీతలు కనబడనిచో కొడవలి హీమోగ్లోబిను ఉన్నట్లు. అయితే ఈ పరీక్ష వాహకురాలిని రోగినుండి వేరుచేయజాలదు. రక్తహీనత మిక్కుటముగా నున్నచో, వ్యాధి యున్నను నీరు స్వచ్ఛముగనే కనబడవచ్చును. నిర్ధారణకు ఎలక్ట్రోఫోరెసిస్ గాని హెచ్.పి.ఎల్.సి. గాని అవసరము. రాయపూరున సికిల్ సెల్ సంస్థయు, ఎయిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రులును కలవు.

గర్భిణి వాహకురాలని తేలినచో వెంటనే భర్త రక్తమును పరీక్షింపవలెను. కష్టమైన ఘట్టమిది. “నాకేమి జబ్బు? నేనెందుకు రావలె?” నని భర్త యనును, అత్తగారు కోడలినే నిందించును. వాహకులు సామాన్యముగా ఆరోగ్యవంతులే యనియు, ఇరువురును వాహకులైనచో ప్రతి గర్భమునందును బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము నాల్గింట ఒక వంతనియు, ఇందు ఎవరి దోషమును లేదనియు ఉపచారిక నెమ్మదిగా చెప్పవలెను. మొదటి బిడ్డకు వచ్చినది గనుక తక్కిన ముగ్గురికి రాదని లెక్కవేయువారు కలరు. అది పొరపాటు.

దంపతులు కోరినచో గర్భస్థ శిశువును పరీక్షింపవచ్చును. సుమారు 11 నుండి 14 వారముల నడుమ మావినుండి సూక్ష్మమైన తునకను, లేక 15 వారములు నిండిన పిదప ఉమ్మనీటిని వైద్యుడు తీయును. గర్భస్రావ భయము స్వల్పముగా నుండును; దానిని దాచరాదు. 1994 నాటి చట్టము ననుసరించి, నమోదైన కేంద్రమున, స్త్రీ లిఖితపూర్వక సమ్మతితోనే ఈ పరీక్ష జరుగవలెను. శిశువు ఆడయో మగయో తెలుపుట నేరము. ఫలితము విన్న పిదప ఏమి చేయవలెననునది ఆ స్త్రీ నిర్ణయము. గర్భము నుంచుకొన దలచిన స్త్రీని తొందరపెట్టుటయు, వలదన్న స్త్రీని నిందించుటయు ఉపచారిక పని కాదు. అయితే ఆలోచించుటకు వ్యవధి కావలెను గదా! పదవ వారమున పంపివేసి ఇరువదవ వారమున రక్తము తీసినచో ఆ వ్యవధిని మనమే హరించినట్లగును.

గర్భిణికే వ్యాధి యున్నచో ప్రసవము పెద్ద ఆసుపత్రిలోనే జరుగవలెను. వైద్యుని ఉత్తరువుపై ఫోలిక్ ఆమ్లము ప్రతిదినము ఇయ్యవలెను. పలుమారు రక్తమెక్కించుకొన్న వారి శరీరమున ఇనుము పేరుకొనియుండవచ్చును గనుక, లోపము తేలినప్పుడే వారికి ఇనుము మాత్రలు. ఈ జాగ్రత్త వ్యాధిగ్రస్తులకే. వాహకురాలికి తక్కిన గర్భిణులవలెనే ఇయ్యవలెను. హైడ్రాక్సీయూరియా వాడుచున్నచో వైద్యునికి వెంటనే తెలుపవలెను. నీరు విస్తారముగా త్రాగించుడు. చలికిని జ్వరమునకును గురికానీయకుడు. ఈ తల్లులకు రక్తపుపోటు, గుర్రపువాతము, నెలలు నిండని కాన్పు, శిశువు ఎదుగకుండుట అధికముగా కలుగును. వచ్చినప్పుడెల్ల రక్తపుపోటు, మూత్రము పరీక్షింపుడు.

నొప్పి విషయమున ఒక మాట. ఎముకల నొప్పియని ఆమె మొరపెట్టుకొన్నప్పుడు “గర్భిణులకు నొప్పులు సహజమే” యని త్రోసివేయుట వాడుకైపోయినది. ఈ నొప్పి నటన కాదు, సుకుమారము కాదు. దానితో పాటు దగ్గు, రొమ్మునొప్పి, ఆయాసము కనబడినను, ప్రాణవాయువు శాతము 95 కంటె తగ్గినను గడియయైన జాగుచేయక వైద్యుని పిలువవలెను. కాన్పు నొప్పుల వేళ వెచ్చగా నుంచి, నీరు తగ్గనీయక కనిపెట్టియుండవలెను. కాన్పైన పిదపను కొన్ని దినములు నొప్పియు ఊపిరితిత్తుల ఉపద్రవమును రావచ్చును. కావున తొందరగా ఇంటికి పంపరాదు.

పుట్టిన బిడ్డకు మడమనుండి రక్తపు చుక్క తీసి ప్రయోగశాలకు పంపుడు. మందునీటి పరీక్ష పసికందులకు పనికిరాదు; శిశు హీమోగ్లోబిను ఆధిక్యముచే అది తప్పు చెప్పును.